ఫిలిప్పీన్స్‌లో అరవై దాటాక బతుకు: తరచుగా అడిగే ప్రశ్నలు

దావావ్‌లోనో మనీలాలోనో వైద్యవిద్య చదువుతూ వార్డుల్లో లోలోలను, లోలాలను (అక్కడి తాతలు, అవ్వలు) చూస్తున్న తెలుగు విద్యార్థులకూ, ఫిలిపినో కుటుంబాలతో వియ్యమందినవారికీ, ఆ దేశంలో ఉద్యోగాలు చేస్తున్నవారికీ పనికొచ్చేలా ఈ ప్రశ్నలు, జవాబులు రాశాం. అక్కడి పెద్దవాళ్ల చుట్టూ మనుషులకు సాధారణంగా లోటుండదు, చట్టాలకూ లోటు లేదు. లోటంతా ఆ చట్టం ఇచ్చినదాన్ని ఇంటిదాకా తెచ్చిపెట్టే మనిషి దగ్గర, మందు నెల నెలా ఆగకుండా చూసే మనిషి దగ్గర వస్తుంది. అందుకే కాగితాల గురించి, మందుల గురించి ఎక్కువగా చెప్పాం.

అక్కడ ఎన్నేళ్లకు వృద్ధులుగా లెక్కిస్తారు? ఎంతమంది ఉన్నారు?

60 ఏళ్లు. 2020 జనగణన ప్రకారం 60 దాటినవారు దాదాపు 92 లక్షల మంది, అంటే జనాభాలో 8.5 శాతం. దేశం ఇంకా పడుచుదే. కానీ ఊళ్లలోకి వెళితే పరిస్థితి వేరుగా కనిపిస్తుంది. పనిచేసే వయసువాళ్లు మనీలాకో, సౌదీకో, హాంగ్‌కాంగ్‌కో వెళ్లిపోగా ఇంటి దగ్గర మిగిలేది పెద్దవాళ్లూ పసివాళ్లే.

పెద్దవాళ్లు పిల్లల దగ్గరే ఉంటారా?

ఎక్కువమంది పిల్లలతోనో, పిలిస్తే పలికేంత దూరంలోనో ఉంటారు. బయటినుంచి వచ్చిన మనవడు మొదట లోలా చెయ్యి అందుకుని తన నుదుటికి ఆనించుకుంటాడు. దీన్ని మానో అంటారు. పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు ప్రతి వాక్యంలో ‘పో’ చేర్చడం పిల్లలకు మాటలొచ్చినప్పటినుంచే నేర్పుతారు. కన్నవాళ్ల రుణం తీరేది కాదన్న భావన చాలా బలమైనది. 1987 రాజ్యాంగం 15వ అధికరణం కూడా పెద్దల్ని చూసుకోవడం కుటుంబం బాధ్యత అని, ప్రభుత్వం సామాజిక భద్రత పథకాల ద్వారా ఆ పని చేయవచ్చని రాసింది. ఈ వరుసను గమనించాలి. ముందు కుటుంబం, తర్వాత ప్రభుత్వం. అక్కడి పథకాలన్నీ ఈ నమ్మకం మీదే కట్టారు. కుటుంబం లేని మనిషికి అవి చాలకపోవడానికి కారణం కూడా ఇదే.

ఇంట్లో పెద్దవాళ్లు పుచ్చుకునేవాళ్లేనా, ఇచ్చేవాళ్లు కూడానా?

ఇచ్చేవాళ్లు కూడా, అదీ చాలా. తల్లి దుబాయ్‌లో ఇంటిపనికి వెళితే పిల్లల్ని బడికి పంపడం, వండిపెట్టడం, జ్వరమొస్తే ఆరోగ్య కేంద్రానికి ఎత్తుకెళ్లడం లోలా పనే. సొంత ఇల్లు పెద్దవాళ్లదే అయితే కొడుకులూ కోడళ్లూ వాళ్ల చూరు కిందే ఉంటారు. పెన్షన్ వచ్చే ఇంట్లో ఆ డబ్బుతో మనవల ఫీజు కట్టడం మామూలే.

ఇందులో మేలూ ఉంది, కీడూ ఉంది. నా అవసరం ఇంకా ఉందన్న భావన పెద్దవాళ్లను నిలబెడుతుంది. కానీ 68 ఏళ్ల మనిషి ముగ్గురు పిల్లల వెంట పరిగెడుతుంటే తన బీపీ పరీక్ష వాయిదా పడుతుంది, తన మందు డబ్బు పిల్లవాడి బూట్లకు పోతుంది. విదేశం నుంచి డబ్బు పంపే పిల్లలు లోలా మందుల ఖర్చును ఇంటి ఖర్చులో కలపకుండా విడిగా పంపాలి. కలిపి పంపితే ఆమె తన వాటాను ఎప్పుడూ ఆఖరునే తీసుకుంటుంది. వారానికి ఒక పూటైనా పిల్లల బాధ్యత ఇంకొకరికి అప్పజెప్పే ఏర్పాటు చేయాలి. ఆ పూటే ఆమె ఆసుపత్రికీ చర్చికీ వెళ్లగలిగేది.

సీనియర్ సిటిజన్ కార్డు ఎక్కడ ఇస్తారు? ఏమేం కావాలి?

ప్రతి నగరంలో, మున్సిపాలిటీలో ‘ఓస్కా’ అనే వృద్ధుల వ్యవహారాల కార్యాలయం ఉంటుంది. కార్డు అక్కడ ఇస్తారు, రుసుము ఉండదు. సాధారణంగా అడిగేవి: వయసు చూపే కాగితం (జనన ధ్రువపత్రం లేదా ప్రభుత్వ గుర్తింపు కార్డు), ఆ ఊళ్లోనే ఉంటున్నట్టు బరంగాయ్ నుంచి పత్రం, చిన్న సైజు ఫొటోలు. బరంగాయ్ అంటే అక్కడి అతి చిన్న పాలనా విభాగం, మన గ్రామ సచివాలయమంత దగ్గరలో ఉంటుంది. ఒకచోట తీసుకున్న కార్డు దేశమంతా చెల్లుతుంది.

పని ఆగిపోయేది జనన ధ్రువపత్రం దగ్గరే. 1950లలో పల్లెల్లో పుట్టిన చాలామందికి అసలు నమోదే లేదు. ఉన్నవారిలోనూ పేరు ఒక కాగితంలో ఒకలా, ఇంకో కాగితంలో మరోలా ఉంటుంది. కార్డు దగ్గర ఎలాగో సరిపెట్టుకున్నా, పెన్షన్ దగ్గర ఆ తేడా మళ్లీ అడ్డొస్తుంది. కాబట్టి ఆలస్యపు నమోదు 60 రాకముందే, ఓపిక ఉన్నప్పుడే చేయించాలి. చర్చిలో ఇచ్చిన బాప్తిస్మపు పత్రం, పాత బడి రికార్డు, పెళ్లి పత్రం అప్పుడు అక్కరకొస్తాయి. పాతవని పారేయకూడదు.

20 శాతం రాయితీ అంటారు కదా, బిల్లులో లెక్క ఎలా వేస్తారు?

దీనికి ఆధారం 2010లో వచ్చిన 9994వ రిపబ్లిక్ చట్టం. మందులు, డాక్టరు ఫీజు, పరీక్షలు, బస్సు, జీప్నీ (జీపులాంటి చిన్న బస్సు), దేశంలోపలి విమానాలు, ఓడలు, హోటళ్లు, సినిమాలు, అంత్యక్రియల ఖర్చు, అన్నిటికీ 20 శాతం రాయితీతో పాటు 12 శాతం వ్యాట్ మినహాయింపు కూడా ఉంది. రెండోదాన్ని చాలామంది మరిచిపోతారు.

ముందు వ్యాట్ తీసేయాలి, మిగిలినదాని మీద 20 శాతం తగ్గించాలి. ధర 1,120 పెసోలు అనుకుందాం. దాన్ని 1.12తో భాగిస్తే 1,000. అందులో 20 శాతం తీస్తే 800. కట్టాల్సింది 800 పెసోలు. దుకాణం 1,120లోంచి నేరుగా 20 శాతం తీసి 896 అడిగితే లెక్క తప్పినట్టే, 96 పెసోలు ఎక్కువ తీసుకుంటున్నారు.

షుగరు, బీపీ, కొలెస్ట్రాల్ మందులకు మాత్రం వ్యాట్ 2019 నుంచి ఎవరికైనా లేదు. వాటి ధర 1,000 అని ఉంటే అందులో వ్యాట్ లేదు కనుక 20 శాతమే తగ్గుతుంది. ఇక్కడ దుకాణదారు మోసం చేయడం లేదు. ఈ తేడా తెలియక కౌంటరు దగ్గర గొడవలు జరుగుతుంటాయి.

హోటల్లో నలుగురు కలిసి తింటే రాయితీ పెద్దాయన వాటాకే. బిల్లు 2,240 అయితే ఆయన వాటా 560. వ్యాట్ తీస్తే 500, రాయితీ పోను 400. మిగిలిన ముగ్గురిది 1,680. మొత్తం 2,080. ఇంటికి కట్టించుకున్నా, తెప్పించుకున్నా రాయితీ వర్తిస్తుంది. దుకాణం తానుగా ఇస్తున్న ఆఫర్ ఉంటే రెండూ కలపరు, ఏది ఎక్కువైతే అది అడగాలి. వికలాంగుల కార్డు కూడా ఉన్నవారు రెండు కార్డుల్లో ఒకటే వాడగలరు.

మందులు కొనడానికి పెద్దాయనే వెళ్లాలా?

అక్కర్లేదు. డాక్టరు చీటీ, ఆయన కార్డు, ఫలానావారిని పంపుతున్నానని సంతకం చేసిన కాగితం, వెళ్లినవారి గుర్తింపు కార్డు ఉంటే చాలు. మందుల కొనుగోళ్లు రాసే చిన్న పుస్తకం తప్పనిసరి అన్న పాత నిబంధనను ఆరోగ్య శాఖ 2024 డిసెంబరులో తీసేసింది. ఇంకా అడిగే దుకాణాలకు ఈ మాట చెప్పాలి. విటమిన్లకు కూడా రాయితీ కావాలంటే డాక్టరు చేత చీటీలో రాయించుకోవాలి.

బియ్యం, పాలు, కరెంటు బిల్లుల్లో ఏమైనా తగ్గుతుందా?

బియ్యం, బ్రెడ్, చేపలు, గుడ్లు, నూనె, పాలు, సబ్బు వంటి నిత్యావసరాలకు 5 శాతం తగ్గుతుంది. వారానికి 2,500 పెసోల కొనుగోలు వరకే, అంటే వారానికి ఎక్కువలో ఎక్కువ 125 పెసోలు. 2024కు ముందు ఇది 65 పెసోలే. ఈ వారం వాడనిది వచ్చే వారానికి కలవదు. కాబట్టి నెల సరుకు ఒకేసారి కొనే ఇంటికి మూడు వారాల రాయితీ పోతుంది. సూపర్‌మార్కెట్లలో ఇస్తారు గానీ వీధిలోని సారిసారి అంగడిలో, సంతలో ఆశించకూడదు.

కరెంటు నెలకు 100 యూనిట్లు, నీళ్లు 30 ఘనపు మీటర్లు దాటకుండా, మీటరు పెద్దవాళ్ల పేరున ఉంటే బిల్లులో 5 శాతం తగ్గుతుంది. చాలా ఇళ్లలో మీటరు ఎప్పుడో కొడుకు పేరుకు మారిపోయి ఉంటుంది, లేదా చనిపోయిన తాత పేరునే ఉండిపోతుంది.

దుకాణం రాయితీ ఇవ్వనంటే?

రశీదు తీసుకుని, తేదీ, సమయం రాసుకుని ఓస్కాలో ఫిర్యాదు చేయాలి. 2019లో ఏర్పాటైన జాతీయ వృద్ధుల కమిషన్‌కూ రాయవచ్చు. మొదటి తప్పుకే 50 వేల నుంచి లక్ష పెసోల దాకా జరిమానా, 2 నుంచి 6 ఏళ్ల జైలు చట్టంలో ఉన్నాయి. ఆచరణలో రశీదు లేకపోతే కేసు నిలబడడం కష్టం. పెద్దవాళ్లు నలుగురిలో అడగడానికి సిగ్గుపడి ఊరుకోవడం ఇంకా పెద్ద సమస్య. వెంట వెళ్లిన చిన్నవాళ్లు కార్డును బిల్లు వేయకముందే అందించడం మంచిది.

పెన్షన్ ఎవరికి వస్తుంది?

ప్రైవేటు ఉద్యోగులకు ఎస్‌ఎస్‌ఎస్, ప్రభుత్వ ఉద్యోగులకు జీఎస్‌ఐఎస్ అనే ప్రభుత్వ సంస్థలు పెన్షన్ ఇస్తాయి. ఎస్‌ఎస్‌ఎస్‌లో 60 ఏళ్లకు పని మానేస్తేనో, 65కు ఎలాగైనానో పెన్షన్ మొదలవుతుంది. కానీ కనీసం 120 నెలల చందా కట్టి ఉండాలి. 110 నెలలు కట్టి ఆగినవారికి నెలవారీ పెన్షన్ రాదు, ఒక్కసారి మొత్తం చేతికిస్తారు. ఇక్కడే చాలామంది తొందరపడి నష్టపోతారు. కొన్ని నెలలే తక్కువైతే స్వచ్ఛంద సభ్యులుగా కట్టి 120 పూర్తి చేసుకునే వీలుంది. ఆ మొత్తం తీసుకునే ముందు కార్యాలయంలో తన నెలల లెక్క చూపించమని అడగాలి. ఇంటిపని, డ్రైవింగ్, దుకాణాల్లో సహాయం వంటి పనులు చేసినవారు యజమాని నిజంగా చందా కట్టాడో లేదో 50 ఏళ్ల వయసులోనే చూసుకోవాలి. కట్టలేదని 60లో తెలిస్తే చేయగలిగేది తక్కువ.

పెన్షన్ తక్కువే. పదేళ్ల చందాకు చట్టం పెట్టిన కనీసం 1,200 పెసోలు, 20 ఏళ్లకు 2,400. దాని మీద 2017 నుంచి వెయ్యి కలుపుతున్నారు. డిసెంబరులో 13వ నెల పెన్షన్ కూడా వస్తుంది. క్రిస్మస్‌కు మనవల చేతుల్లో పెట్టే డబ్బు చాలాసార్లు అదే. విదేశాల్లో ఉండే పెన్షనర్లు ఏటా తాము బతికే ఉన్నామని నిరూపించుకోవాలి, లేకపోతే చెల్లింపు ఆగిపోతుంది.

చందాలేమీ కట్టని రైతులు, జాలరుల సంగతి?

వారికి సామాజిక పెన్షన్ ఉంది. 2022 చట్టంతో నెలకు 500 నుంచి 1,000 పెసోలకు పెరిగింది, అంటే మన డబ్బులో సుమారు 1,500 రూపాయలు. జబ్బుతోనో బలహీనతతోనో వైకల్యంతోనో ఉండి, వేరే పెన్షన్ లేక, స్థిరమైన ఆదాయం లేక, కుటుంబం నుంచి క్రమం తప్పని సాయం లేనివారు అర్హులు.

ఇది నెల నెలా చేతికి రాదు, కొన్ని నెలలది కలిపి ఇస్తారు. నిధులు పరిమితం కనుక అర్హత ఉన్నా వరుసలో వేచి ఉండాల్సి వస్తుంది. ‘కుటుంబ సాయం’ అన్న షరతును ఒక్కో అధికారి ఒక్కోలా చూస్తాడు. కూతురు హాంగ్‌కాంగ్‌లో ఉందన్న మాట వినగానే పేరు పక్కన పెట్టిన సందర్భాలుంటాయి, ఆమె డబ్బు పంపి రెండేళ్లయినా సరే. అందుకని నిజ పరిస్థితిని బరంగాయ్ సామాజిక కార్యకర్త చేత రాయించి దరఖాస్తుకు జతచేయాలి. మంచాన ఉన్నవారి తరఫున డబ్బు ఎవరు తీసుకుంటారో ముందే నమోదు చేయించాలి. పంపిణీ రోజున ఎండలో మూడు గంటలు నిలబెట్టడం 80 ఏళ్ల మనిషికి ప్రమాదం.

నెలకు వెయ్యి పెసోలతో బతకడం కుదరదు. కానీ బీపీ మాత్రలకు సరిపోతుంది, అది తక్కువ సంగతి కాదు.

80 దాటినవారికీ, నూరేళ్లవారికీ డబ్బు ఇస్తారట?

ఇస్తారు. 2016 చట్టం ప్రకారం 100 ఏళ్లకు లక్ష పెసోలు, దేశాధ్యక్షుడి నుంచి అభినందన పత్రం. 2024 సవరణతో 80, 85, 90, 95 ఏళ్లకు తలా 10 వేల పెసోలు. విదేశంలో ఉన్న ఫిలిపినోలకూ వర్తిస్తుంది.

ఆసుపత్రి బిల్లు ఎలా తగ్గించుకోవాలి?

2014 నుంచి 60 దాటిన ప్రతి ఫిలిపినోకూ ఫిల్‌హెల్త్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా తప్పనిసరిగా ఉంటుంది, ప్రీమియం కట్టలేదన్న కారణంతో కాదనకూడదు. బిల్లులో వరుస ముఖ్యం. ముందు వ్యాట్, 20 శాతం రాయితీ తీసేయాలి, తర్వాత ఫిల్‌హెల్త్ వాటా తీయాలి. ఇంకా మిగిలితే ప్రభుత్వ ఆసుపత్రిలోని మలసాకిట్ కేంద్రానికి వెళ్లాలి. 2019 చట్టంతో వచ్చిన ఈ కేంద్రాల్లో సాయం చేసే నాలుగు సంస్థలు ఒకేచోట కూర్చుంటాయి. వెంట వైద్యుడి పత్రం, బిల్లు, పేదరిక ధ్రువపత్రం ఉండాలి. 2025 జూలైలో ప్రకటించినట్టు ఆరోగ్య శాఖ నడిపే ఆసుపత్రుల సాధారణ వార్డుల్లో రోగి చెల్లించాల్సింది సున్నా. స్థానిక ప్రభుత్వాల ఆసుపత్రులు దీని కిందికి వస్తాయని ఊహించుకోకుండా చేరే ముందే అడగాలి.

డయాలసిస్‌కు ఏడాదికి 156 విడతలు, అంటే వారానికి మూడు చొప్పున, ఫిల్‌హెల్త్ చెల్లిస్తుంది. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న దేశంలో ఇది ఎన్నో ఇళ్లను నిలబెట్టింది.

అందరిలో ఎక్కువగా కనిపించే జబ్బేది? ఎందుకు అదుపులో ఉండదు?

బీపీ. మందు దొరకక కాదు, మధ్యలో ఆపడం వల్ల. మెడ వెనక నొప్పి వస్తేనే బీపీ పెరిగినట్టని, నొప్పి లేకపోతే మాత్ర అక్కర్లేదని గట్టి నమ్మకం. నొప్పి తగ్గగానే ఆపేస్తారు, లేదా రోజు విడిచి రోజు వేసుకుని 30 మాత్రలను రెండు నెలలకు లాగుతారు. ఆమ్లోడిపిన్ అనే బీపీ మాత్రతో కాళ్లు వాస్తే చెప్పకుండా మానేస్తారు. డాక్టరుకు చెబితే మోతాదో మందో మారుస్తారు.

రెండో కారణం మెఫెనమిక్ యాసిడ్. మోకాళ్ల నొప్పికి వీధి అంగట్లో విడిగా కొని వారాల తరబడి వేసుకుంటారు. ఇది బీపీని పెంచుతుంది, కిడ్నీని దెబ్బతీస్తుంది, లోసార్టాన్ అనే బీపీ మందు వాడేవారిలో ఇంకా ప్రమాదం. తెలుగు వైద్య విద్యార్థులు కేసు రాసేటప్పుడు ‘ఇంకేం మందులు వాడుతున్నారు’ అని మాత్రమే అడిగితే ఈ సంగతి బయటికి రాదు. నొప్పికి ఏం వేసుకుంటారు, ఎక్కడ కొంటారు అని విడిగా అడగాలి.

ఇంట్లో బీపీ చూసేటప్పుడు అరగంట ముందునుంచి కాఫీ, సిగరెట్టు వద్దు. వీపు ఆనించి 5 నిమిషాలు కూర్చున్నాక, చెయ్యి గుండె ఎత్తులో పెట్టి, నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ రాయాలి. ఆరోగ్య కేంద్రాల్లో బీపీ, షుగరు మందులు ఉచితంగా ఇస్తారు కానీ నిల్వ అయిపోతుంటుంది. చేతిలో వారం మాత్రలుండగానే వెళ్లాలి. పేద వృద్ధులకు ఫ్లూ, న్యుమోనియా టీకాలు కూడా అక్కడే ఉచితం.

తిండిలో ఏం మార్చాలి?

మొదటిది ఉప్పు. పాతిస్ అనే చేపల సాస్ ఒక పెద్ద చెంచాలోనే 1,400 మిల్లీగ్రాముల దాకా సోడియం ఉంటుంది. రోజంతటికీ పరిమితి 2,000. దానికి తుయో అనే ఎండుచేప, పులియబెట్టిన రొయ్యల ముద్ద బగోంగ్, ఇన్‌స్టంట్ నూడుల్స్ తోడైతే పరిమితి పొద్దున్నే దాటిపోతుంది. వద్దు అంటే ఎవరూ వినరు, రుచి పోకుండా తగ్గించాలి. తుయోను అరగంట నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి వేయించాలి. సినిగాంగ్ పులుసుకు పొట్లాం పొడి బదులు అసలు చింతకాయ ఉడికించి పిసికితే ఉప్పు చాలా తగ్గుతుంది. మన పప్పుచారు చేసే చేతికి ఇది తెలిసిన పనే. పాతిస్ సీసా బల్ల మీద పెట్టకుండా కలమాన్సీ నిమ్మకాయ ముక్కలు పెట్టాలి.

రెండోది మాంసకృత్తులు. పళ్లు ఊడినవారు లుగావ్ అనే గంజన్నంతో మూడు పూటలా గడిపేస్తారు. కడుపు నిండుతుంది, కండ కరుగుతుంది. 50 కిలోల మనిషికి రోజుకు 50 నుంచి 60 గ్రాముల మాంసకృత్తులు కావాలి. గంజిలోనే గుడ్డు కొట్టి వేయడం (6 గ్రాములు), ఉడికిన కోడిని పీచుగా తీసి కలపడం, గలుంగోంగ్ చేపను ముల్లు తీసి మెదిపి పెట్టడం (100 గ్రాములకు సుమారు 20) సులువైన దారులు. శుక్రవారాల్లో పెసలు వండుకునే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. అందులో మునగాకు వేస్తారు. దాన్ని వారానికి మూడు రోజులు చేయించినా పెద్దవాళ్లు ఇష్టంగానే తింటారు. కిడ్నీ జబ్బు ఉన్నవారు మాత్రం ఈ లెక్కను డాక్టరును అడిగే పాటించాలి.

పాస్మా అంటారు, హిలోత్ అంటారు. వాటిని ఆపమని చెప్పాలా?

వేడిగా, అలసటగా ఉన్నప్పుడు చన్నీళ్లు తగిలితే నరాలు చెడి చేతులు వణుకుతాయని నమ్మకం, దాన్నే పాస్మా అంటారు. వాదించి లాభం లేదు. గోరువెచ్చని నీళ్లిస్తే చేతులు కడుక్కుంటారు, స్నానం చేస్తారు. పని జరుగుతుంది. అయితే చేతుల వణుకు, అరచేతుల చెమట వెనక షుగరో థైరాయిడో పార్కిన్సన్సో ఉండొచ్చు కనుక పరీక్ష మాత్రం చేయించాలి.

హిలోత్ మర్దన ఒళ్లు నొప్పులకు హాయినిస్తుంది. పడ్డాక కాలు కదపలేని మనిషికి, ఒక కాలి పిక్క వాచి వేడిగా ఉన్న మనిషికి మర్దన చేయకూడదు. మొదటిదానిలో ఎముక విరిగి ఉండొచ్చు, రెండోదానిలో రక్తం గడ్డ ఉండొచ్చు.

ఇంట్లో పడిపోకుండా ఏం చేయాలి?

స్నానాలగది నుంచి మొదలుపెట్టండి. నేల ఎప్పుడూ తడిగా ఉంటుంది, బకెట్టు లోంచి తాబో చెంబుతో ముంచుకుని వంగి పోసుకుంటారు, కాళ్లకు అరిగిన రబ్బరు చెప్పులు. బకెట్టును పీట మీద పెట్టి, పక్కన కదలని స్టూలు వేయాలి. గోడకు నేలనుంచి 85–90 సెంటీమీటర్ల ఎత్తులో పట్టుకునే కడ్డీ బిగించాలి. తువ్వాలు వేలాడదీసే కడ్డీ మనిషి బరువు ఆపదు, ఊడొస్తుంది. చెప్పులకు మడమ పట్టీ ఉండాలి. రాత్రి మూత్రానికి లేచే దారిలో చిన్న దీపం పెట్టాలి.

మనసు బాగోలేదని ఎలా తెలుస్తుంది?

దిగులుగా ఉందని నోటితో చెప్పరు. తల బరువు, ఒళ్లు అలసట, ఆకలి లేదు అంటారు. నలుగురికీ భారం కాకూడదన్న మొహమాటం అడ్డొస్తుంది. గమనించాల్సింది అలవాట్లను. ఆదివారం పూజ మానేశారా, పొరుగింటికి వెళ్లడం ఆపారా, డిసెంబరు 16 నుంచి తెల్లవారుజామున చర్చిలో జరిగే సింబాంగ్ గాబీ ప్రార్థనకు ఈ ఏడు లేవలేదా, మనవరాలి వీడియో కాల్ వస్తే ఫోను ఇంకొకరికి ఇచ్చేస్తున్నారా? ఇలాంటివి రెండు వారాలు దాటితే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. జాతీయ మానసిక ఆరోగ్య కేంద్రం సహాయ నంబరు 1553 రాత్రీ పగలూ పనిచేస్తుంది. విదేశంలోని పిల్లలు పెద్ద పెట్టె నిండా సామాన్లు పంపడం కన్నా ప్రతి ఆదివారం అదే వేళకు ఫోను చేయడం ఎక్కువ మేలు చేస్తుంది. వేళ తప్పితే ఆ రోజంతా ఎదురుచూస్తారు.

బరంగాయ్‌లో వృద్ధుల సంఘం, పొద్దున్నే బాస్కెట్‌బాల్ కోర్టులో జుంబా డ్యాన్సు వ్యాయామం, చర్చిలో జపమాల బృందం ఉంటాయి. కొత్తగా భర్తనో భార్యనో పోగొట్టుకున్నవారిని మొదటిసారి ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాలి. తర్వాత వాళ్లే వెళతారు.

తుఫాను వస్తే పెద్దవాళ్లు ఇల్లు ఎందుకు వదలరు?

కోళ్లూ పందులూ, ఇంటి సామాను వదిలి రాలేరు. దానికి తోడు, ఇంతకుముందు తుఫానుల్లో నీళ్లు ఇక్కడిదాకా రాలేదన్న అనుభవం. 2013 నవంబరు 8న యోలాండా తుఫాను తాక్లోబాన్ నగరాన్ని ముంచినప్పుడు సముద్రం ఆ అనుభవాన్ని లెక్కచేయలేదు. ఆ తుఫానులో 6,300 మంది చనిపోయారు. చీకటి పడకముందే, గాలి మొదలుకాకముందే తరలించాలి. తర్వాత నడవలేని మనిషిని మోయడం ఎవరి తరమూ కాదు.

సంచిలో రెండు వారాల మందులు, చీటీ నకలు, సీనియర్ కార్డు, పెన్షన్ కాగితాలు ప్లాస్టిక్ కవరులో పెట్టి, కళ్లద్దాలు, కట్టుడు పళ్ల డబ్బా, చేతికర్ర ఉంచాలి. వాడుతున్న ఇన్సులిన్ 30 డిగ్రీలు దాటకపోతే సుమారు 28 రోజులు చెడదు. కరెంటు పోతే మట్టికుండలో, తడిగుడ్డ చుట్టి నీడలో ఉంచాలి. వరద నీళ్లలో నడిచినవారు లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు రాకుండా డాక్సీసైక్లిన్ మందు కోసం అదే రోజు ఆరోగ్య కేంద్రంలో అడగాలి. జ్వరం, పిక్కల నొప్పి, కళ్ల ఎరుపు వస్తే ఆగకూడదు.

ఎవరూ లేనివారు ఎక్కడికి వెళతారు?

రిజాల్ రాష్ట్రంలోని తనయ్‌లో ప్రభుత్వ వృద్ధాశ్రమం ఉంది, కొన్నిటిని క్రైస్తవ సన్యాసినులు నడుపుతారు. దేశం మొత్తానికి ఇవి చాలా తక్కువ. తల్లిదండ్రుల్ని ఆశ్రమంలో చేర్చడాన్ని సమాజం తప్పుగా చూస్తుంది, ఆ నింద భయంతోనే కొన్ని ఇళ్లలో మంచాన ఉన్న మనిషిని సరిగా చూడలేక దాచిపెడతారు. 1989లో మొదలైన ‘కోస్’ సంస్థ వృద్ధుల సంఘాలను కూడగట్టి, వృద్ధులే తోటి వృద్ధుల ఇళ్లకు వెళ్లి చూసుకునే పద్ధతిని నడిపించింది. మాకు తెలిసినంతలో ఆ దేశానికి బాగా అతికేది ఇలాంటి ఏర్పాటే.

అక్కడ ఉంటున్న తెలుగువారి తల్లిదండ్రులకు సీనియర్ రాయితీ వస్తుందా?

రాదు. ఫిలిప్పీన్స్ పౌరులై, అక్కడ నివసించేవారికే. ద్వంద్వ పౌరసత్వం ఉన్న ఫిలిపినోలకు ఆరు నెలల నివాసం ఉంటే ఇస్తారు. ఫిలిపినోను పెళ్లాడినా పౌరసత్వం లేకపోతే కార్డు లేదు. మన పెద్దవాళ్లు అక్కడికి వస్తే ప్రయాణ బీమా తీసుకుని, మూడు నెలల మందులు జనరిక్ పేర్లతో ఉన్న చీటీతో తెచ్చుకోవాలి.

వార్డులో లోలా దగ్గరికి వెళ్లినప్పుడు ఎలా మాట్లాడాలి?

పేరు పెట్టి పిలవకండి. లోలా, లోలో లేదా ననాయ్ (అమ్మ), తతాయ్ (నాన్న) అనాలి. వాక్యం చివర ‘పో’ చేర్చండి. ఉచ్చారణ తప్పినా ఆ ప్రయత్నానికే ముఖం విప్పారుతుంది. అర్థమైందా అని అడిగితే, అర్థం కాకపోయినా డాక్టరు నొచ్చుకుంటారని తల ఊపుతారు. అందుకని మాత్రల అట్ట చేతిలో పెట్టి, ఏది ఎప్పుడు వేసుకుంటారో మీరే నాకు చెప్పండి అనాలి. వెంట వచ్చిన మనవడిని కూడా అదే అడగాలి. ఇంటికి వెళ్లాక ఆ అట్ట చూసేది చాలాసార్లు ఆ పిల్లవాడే.